నాయకుడు ముందు ఎవరిని చూడాలి, ప్రపంచాన్నా సొంత దేశాన్నా? (2023 బియ్యం ఎగుమతి నిషేధం మీద చర్చ)

వరికుప్ప

పార్టీల గొడవ కోసం కాదు, నిజంగానే అడుగుతున్నా. 2023లో జీ20 అధ్యక్ష స్థానం మనది. బస్టాండు గోడల దాకా హోర్డింగులే, వసుధైవ కుటుంబకం, ఒకే భూమి, ఒకే కుటుంబం, ఒకే భవిష్యత్తు అని. అదే ఏడాది జూలై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి రాత్రికి రాత్రి ఆపేశాం. దేశాలు దాటి అమ్ముడయ్యే బియ్యంలో దాదాపు 40 శాతం మనదే. దానికి మూడు రోజుల ముందే, జూలై 17న, యుద్ధం మధ్యలో ఉక్రెయిన్ గింజల ఓడలని బయటికి పోనిచ్చే నల్లసముద్రం ధాన్యం ఒప్పందం నుంచి రష్యా తప్పుకుంది. అంటే గోధుమలు దొరుకుతాయో లేదో తెలియని వారంలోనే బియ్యం తలుపు కూడా మూసుకుంది.

ఇది బీజేపీ కాబట్టి చేసిందని ఎవరైనా మొదలుపెడతారేమో, 2007 అక్టోబరులో యూపీఏ కూడా ఇదే చేసింది, 2011 దాకా పూర్తిగా ఎత్తలేదు. కాబట్టి ప్రశ్న మనిషి గురించి కాదు, కుర్చీ గురించి. ప్రధాని కుర్చీలో ఉన్నవాడికి పక్క దేశాల ఆకలి మీద బాధ్యత ఉందా, లేదా? ఉంటే ఎంత?

దేశం_ముందు

తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అని ఊరికే అనలేదు పెద్దలు. 80 కోట్ల మందికి నెలకి తలా 5 కేజీలు ఉచితంగా ఇస్తున్న ప్రభుత్వం ముందు తన గోదాము చూసుకోవాలా, ఇంకెవరో ఏమనుకుంటారోనని చూడాలా? అప్పటికే ఏడాదిలో బియ్యం చిల్లర ధర 11.5 శాతం పెరిగిందని నిషేధం రోజునే చెప్పారు. పసిఫిక్ సముద్రం వేడెక్కి మన వానలని తగ్గించే ఎల్ నినో వస్తోందని అందరికీ తెలుసు. వచ్చింది కూడా, ఆ ఆగస్టులో 1901 నుంచి ఏ ఆగస్టులోనూ లేనంత తక్కువ వాన పడింది. ఆపకుండా ఉండి ఇక్కడ కేజీ 70 అయ్యుంటే ఇదే గ్రూపులో ఇదే మనుషులు తిట్టేవాళ్లు.

ఇక నీతులు చెప్పే దేశాల సంగతి. 2021 మార్చిలో ఆస్ట్రేలియాకి వెళ్లాల్సిన రెండున్నర లక్షల ఆస్ట్రాజెనెకా డోసులని ఇటలీ ఆపేసింది, యూరోపియన్ యూనియన్ సరే అంది. ప్రాణాల మీదకి వస్తే అందరూ ముందు తమ జనాన్నే చూసుకుంటారు. మన నాయకుడికి ఓటేసేది మనం, సెనెగల్ వాళ్లు కాదు.

ప్లేనో_పిల్లాడు

నిషేధం తర్వాత రెండు మూడు రోజులు ఇక్కడ అమెరికాలో మా ఊళ్లో ఇండియన్ స్టోర్ల ముందు జరిగింది మీరంతా వాట్సాప్ వీడియోల్లో చూసే ఉంటారు. సోనామసూరి 20 పౌండ్ల బస్తాలు ట్రాలీల్లో ఐదేసి ఆరేసి తోసుకుపోయారు, తర్వాత కుటుంబానికి ఒక్కటే అని కాగితం అంటించారు. ధర కొన్నిచోట్ల రెట్టింపు చేసి అమ్మారు. మా ఎదురింటి ఆంటీ గారి గరాజ్‌లో ఆ బస్తాలు సంక్రాంతి దాకా ఉన్నాయి, చివరికి పురుగు పట్టింది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, టీవీల్లో నిషేధం అనగానే మా వీడియోలే వేశారు. మాది ఆకలి కాదు, కంగారు. అన్నం లేకపోతే పాస్తా తింటాం, లేదంటే బాస్మతి కొంటాం, అది ఆపలేదు కదా. దెబ్బ తిన్నవాళ్ల వీడియోలు ఎవరూ తియ్యలేదు.

డకార్_గుమస్తా

ప్లేనో తమ్ముడు చెప్పిన ఆ వీడియో లేని వైపు నేనున్నా. సెనెగల్‌లో ఒక దిగుమతి కంపెనీ దగ్గర లెక్కలు రాస్తుంటా, పేరు అనవసరం.

ఇక్కడ వాళ్లు తినేది మన నూకలు. వెటకారం కాదు, నూకలే కావాలని అడిగి కొంటారు. ఫ్రెంచివాళ్లు ఇండోచైనా నుంచి నూకలు తెచ్చి ఇక్కడ అమ్మిన కాలం నుంచి వచ్చిన అలవాటు. చేప, టమాటా, కూరగాయలు వేసి చేసే చెబుజెన్ అనే వంటకం వీళ్లకి ఇంటి భోజనం, అతిథి వచ్చినా అదే. పెద్ద పళ్లెంలో అన్నం మధ్యలో చేప ముక్క పెట్టి చుట్టూ కూర్చుని తింటారు. నూక అయితేనే ఆ పులుసు లోపలికి పీల్చుకుంటుంది, పొడుగు గింజ పెడితే మొహం పెడతారు. మన దగ్గర కోళ్ల దాణాకీ ఇథనాల్‌కీ పోయే సరుకు అది.

ఆ నూకల ఎగుమతిని మనవాళ్లు 2022 సెప్టెంబరులోనే ఆపేశారు. 2023 జూలైలో ఆపింది తెల్ల బియ్యం. తర్వాత ఏమైందంటే, ప్రభుత్వం నుంచి ప్రభుత్వానికి అడిగితే కోటా ఇస్తామన్నారు. సెనెగల్‌కి ఇచ్చారు, గాంబియాకి ఇచ్చారు. ఆ ఆగస్టులో భూటాన్‌కి 79 వేల టన్నులు, సింగపూర్‌కి 50 వేలు, మారిషస్‌కి 14 వేలు తెల్ల బియ్యం, సహకార ఎగుమతుల సంస్థ ద్వారా.

దీన్ని "చూశారా, పేద దేశాలకి ఇచ్చాం" అని గొప్పగా చెప్పుకున్నారు. సింగపూర్ పేద దేశమా? కోటా దక్కింది ఆకలి ఎక్కువ ఉన్నవాడికి అని కాదు, ఢిల్లీలో తలుపు తట్టే స్తోమత ఉన్నవాడికి. మా పక్కన చాలా దేశాల్లో బియ్యం తెచ్చేది ప్రైవేటు వ్యాపారులు, వాళ్లకి రాయబారం నడిపేది ఎవరు? నిన్నటిదాకా డబ్బు కట్టి కొనుక్కున్న సరుకు ఈ రోజు దరఖాస్తు పెట్టి అడగాల్సి వచ్చింది. నాకు ఇక్కడ ఇబ్బందిగా అనిపించింది అదే.

దేశం_ముందు

> ఢిల్లీలో తలుపు తట్టే స్తోమత ఉన్నవాడికి

మరి దాన్నే విదేశాంగ విధానం అంటారండి. మన దగ్గర ఉన్న సరుకుతో నలుగురి దగ్గర మాట చెల్లించుకోవడంలో తప్పేంటి? అమెరికా చేస్తే వ్యూహం, మనం చేస్తే స్వార్థమా?

తెనాలి_పెద్దాయన

అమెరికా మాట వచ్చింది కాబట్టి చెప్తా. మీలో చాలామంది పుట్టక ముందు సంగతి. 1965, 66 రెండేళ్లూ వరసగా కరువు. పీఎల్-480 అనే ఆహార సాయం చట్టం కింద అమెరికా గోధుమలు వస్తేనే రేషన్ షాపు తెరిచే రోజులు. 1966లో దేశం దిగుమతి చేసుకున్న తిండిగింజలు కోటి టన్నులకి అటూ ఇటూ. ఓడ రేవుకొచ్చాక ఆ గింజలు నేరుగా నోటికే, నిల్వ అనే మాటే లేదు. శాస్త్రి గారు సోమవారం రాత్రి భోజనం మానెయ్యమంటే మా ఇంట్లో మా నాయన నిజంగానే మానేశాడు.

అప్పుడు జాన్సన్ అధ్యక్షుడు. ఏడాదికి ఒకేసారి ఒప్పందం అనేది తీసేసి, నెలకింత అని తన చేతిలో పట్టుకుని వదిలేవాడు. వ్యవసాయ విధానం మార్చుకోండి అన్నది ఒక షరతు. వియత్నాం మీద బాంబులు వెయ్యడం తప్పని మనం అన్నామని కోపం ఇంకోటి. ఏ ఓడ ఎప్పుడు కదలాలో ఆయనే చూసేవాడని చెప్పుకునేవాళ్లు. ఆయన వైపు నుంచి చూస్తే అది కూడా దేశ ప్రయోజనమే, తన రైతు గింజ, తన పన్ను డబ్బు. మన వైపు నుంచి చూస్తే ఎలా ఉండేదో అడగండి, క్యూలో నిలబడ్డవాణ్ణి నేను.

ఆ గోధుమలతోనే వయ్యారిభామ పిచ్చిమొక్క వచ్చిందని మా పొలాల్లో ఇప్పటికీ తిట్టుకుంటారు.

ఆ అవమానంలోంచే హరిత విప్లవం కసిగా నడిచిందని నా నమ్మకం. ఇంకోడి దయ మీద తినకూడదు అనుకున్న దేశం, ఇప్పుడు ఇంకోణ్ణి తన దయ మీద తినమంటే వ్యూహం అని చప్పట్లు కొడుతున్నాం. కొట్టండి, కాదనను. కానీ అటు వైపు ఎలా ఉంటుందో తెలిసి కొట్టండి.

లెక్కల_మాస్టారు

పెద్దాయన గారికి దణ్ణం. నేను కొంచెం అంకెల్లోకి వెళ్తా, విసుగొస్తే దాటెయ్యండి.

ముందు చట్టం. ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనల ప్రకారం తిండి సరుకుల కొరత తీవ్రంగా ఉన్నప్పుడు తాత్కాలికంగా ఎగుమతి ఆపొచ్చు, పాత గాట్ ఒప్పందం 11వ అధికరణంలోనే ఉంది. కాబట్టి మనం నేరం చెయ్యలేదు. ప్రశ్నల్లా ఆ కొరత ఉందా అన్నదే.

నిల్వల నిబంధన ప్రకారం జూలై 1 నాటికి కేంద్రం దగ్గర సుమారు 135 లక్షల టన్నుల బియ్యం ఉంటే చాలు. ఆ రోజు కేంద్రం తరఫున ధాన్యం కొని నిల్వ చేసే ఎఫ్‌సీఐ గోదాముల్లో దాదాపు దానికి రెట్టింపు ఉంది, ఇంకా మర ఆడించని ధాన్యం వేరే. అప్పటిదాకా ఎఫ్‌సీఐ బియ్యాన్ని ఇథనాల్ కంపెనీలకి కూడా అమ్మారు, జూలైలోనే అది ఆగింది. ఇక 2023-24లో దేశంలో పండిన బియ్యం చివరికి 1378 లక్షల టన్నులు, అప్పటికి అదే రికార్డు. నిజమే, పంట రికార్డు అవుతుందని జూలైలో ఎవరికీ తెలియదు, ఆ వెసులుబాటు ప్రభుత్వానికి ఇవ్వాలి. కానీ ఖరీఫ్ పంట తగ్గలేదని 2024 ఫిబ్రవరి ఆఖరు అంచనాలకే తెలిసిపోయింది కదా. నిషేధం ఎత్తింది సెప్టెంబరు 28న. మధ్యలో ఏం జరిగిందో క్యాలెండర్ చూసుకోండి, జూన్ 4న లోక్‌సభ ఫలితాలొచ్చాయి.

ఇంకోటి. ఇదే నిల్వల మీద 2023 జూన్‌లో కర్ణాటక గొడవ గుర్తుందా? పేదలకి ఉచిత బియ్యం ఇచ్చే అన్నభాగ్య పథకం కోసం కేజీ 34 రూపాయలకి కొంటాం, బియ్యం ఇవ్వండని కొత్త కాంగ్రెస్ ప్రభుత్వం అడిగింది. రాష్ట్రాలకి బహిరంగ అమ్మకం పథకం కింద ఇవ్వడం ఆపేశామని కేంద్రం అంది. చివరికి వాళ్లు తలా 170 రూపాయలు ఖాతాలో వేశారు. అదే బియ్యం ప్రైవేటు వ్యాపారులకి వేలంలో పెట్టారు, పెద్దగా కొన్నవాడు లేడు. పొరుగు దేశం సంగతి అటుంచండి, పొరుగు రాష్ట్రానికే "మాకు ముందు" అన్న మాట వినిపించింది.

మోడరేటర్

రెండు పోస్టులు తీసేశాను. నిషేధం మీద మాట్లాడండి, ఒకరి కులం మీదా ఒకరి పాస్‌పోర్టు మీదా కాదు.

మండపేట_మిల్లు

మాస్టారూ, మీ క్యాలెండర్ లెక్క మాకు కాగితం మీద కాదు, లారీల మీద తెలిసింది.

మాది ఉప్పుడు బియ్యం మిల్లు, పచ్చి బియ్యం కూడా కొంత ఆడిస్తాం. కాకినాడ యాంకరేజ్ పోర్టులో ఓడ ఒడ్డుకి రాదు, లోపల సముద్రంలో నిలబడుతుంది, బస్తాలని బార్జీల్లో వేసి ఓడ దాకా పట్టుకెళ్తారు. జూలై 20 నోటిఫికేషన్‌లో ఏం రాశారంటే, అప్పటికే లోడింగ్ మొదలైన ఓడలు పోవచ్చు, షిప్పింగ్ బిల్లు, అంటే ఎగుమతికి కస్టమ్స్‌లో పెట్టే కాగితం, వేసి ఓడ వచ్చి లంగరు వేసి ఉంటే పోవచ్చు, సరుకు అప్పటికే కస్టమ్స్ చేతికి అప్పజెప్పి ఉన్నా పోవచ్చు. మిగతావి ఆగాలి. అంటే బియ్యం గోదాంలో ఉన్నా ఓడ ఇంకా దారిలో ఉందనుకోండి, ఇక అంతే. అవతలివాడు ఎల్‌సీ, అంటే డబ్బు కడతామని బ్యాంకు ఇచ్చే హామీ పత్రం, తెరిచాడు, మనం ధాన్యం కొనేశాం, గోనె సంచుల మీద వాడి బ్రాండు అచ్చు కూడా వేసేశాం. ఆ సంచులు ఇక్కడ ఎవరికి అమ్మాలి? ఏనుగు బొమ్మ, పైన ఫ్రెంచి అక్షరాలు. విప్పి వేరే సంచుల్లో పోయించాం, ఆ హమాలీ ఖర్చు మాదే.

ఆగస్టు 25న ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం. అది నిషేధం కంటే నయం అని ఒప్పుకుంటా, ఎందుకంటే రేటు కలుపుకుని అమ్మొచ్చు, మాట పోదు. నిషేధంలో పోయేది మాట. ఆఫ్రికా కొనుగోలుదారులు మనల్ని వదిలి వియత్నాం, థాయ్‌లాండ్, పాకిస్తాన్ వైపు వెళ్లారు. పాకిస్తాన్ వాళ్లకి ఆ ఏడాది మంచి బేరాలు దొరికాయి, ఆ సంతోషం మన దేశభక్తుల ఖాతాలోనే వెయ్యాలి.

దేశం_ముందు

వ్యాపారి బాధ అర్థమవుతుంది కానీ 140 కోట్ల మంది రేటు ఒకవైపు, కొందరు ఎగుమతిదారుల లాభం ఒకవైపు పెడితే నాయకుడు ఏది చూడాలి?

కౌలురైతు_కొడుకు

ఆ తక్కెడలో మమ్మల్ని ఎక్కడ పెట్టారు సార్? ఒకవైపు తినేవాళ్లు, ఇంకోవైపు ఎగుమతి చేసేవాళ్లు. పండించేవాడు లేడా?

ఆ ఏడాది సాధారణ రకం మద్దతు ధర క్వింటాకి 2183. మా దగ్గర లెక్క 75 కేజీల బస్తా, అంటే 1637 రూపాయలు. తేమ ఎక్కువుందని, తరుగని, గోనె సంచి లేదని కోతలు పోను చేతికొచ్చేది అంతకంటే తక్కువే. అందులో కౌలు, ఎరువు, కోత మిషను. ప్రపంచ మార్కెట్లో బియ్యం ధర పదిహేనేళ్లలో ఎన్నడూ లేనంత పైకి పోయిందని ఐరాస ఆహార సంస్థ ఆగస్టు లెక్క చెప్పింది, ఒక్క నెలలో 9.8 శాతం. ఆ పెరుగుదల థాయ్‌లాండ్ రైతు చూశాడు, వియత్నాం రైతు చూశాడు, మేం పేపర్లో చదివాం. ధర పడిపోతే మాత్రం అంతర్జాతీయ మార్కెట్ పరిస్థితులు అంటారు, అప్పుడు మేం కూడా ప్రపంచ పౌరులమే మరి.

దేశ ప్రయోజనం దేశ ప్రయోజనం అంటున్నారు, దేశంలో ఎవరి ప్రయోజనం? పట్నంలో కేజీ మీద మూడు రూపాయలు తగ్గించడానికి పల్లెలో రైతు జేబులోంచి తీశారు, దానికి జెండా కప్పారు. ఇలాంటి ఎగుమతి ఆంక్షల వల్ల భారత రైతు మీద కనిపించని పన్ను పడుతోందని ధనిక దేశాల ఆర్థిక సంస్థ ఓఈసీడీ రిపోర్టులు ఏళ్లుగా రాస్తూనే ఉన్నాయి. బాస్మతికి టన్ను 1200 డాలర్లకి తక్కువ అమ్మొద్దని పెడితే పంజాబ్, హర్యానా వాళ్లు అరిచారు, రెండు నెలల్లో 950కి దించారు. మన గోదావరి జిల్లాల నుంచి, నల్గొండ నుంచి అలాంటి అరుపు వినిపించిందా? మన ఎంపీలు ఎవరన్నా పార్లమెంటులో గట్టిగా అడిగినట్టు గుర్తుంటే చెప్పండి.

విశాఖ_అక్క

కౌలురైతు గారి ప్రశ్నతోనే అసలు చర్చ మొదలైందనిపిస్తోంది. మనం ఇప్పటిదాకా ప్రపంచం ఒక పక్క, దేశం ఒక పక్క అని గీత గీసి మాట్లాడుతున్నాం. ఈ నిషేధంలో సెనెగల్ వంటింటికీ మన రైతు జేబుకీ దెబ్బ ఒకే కాగితంతో తగిలింది, ఇద్దరూ గీతకి ఒకే పక్క ఉన్నారు. కాబట్టి నాయకుడు జాతీయవాదా, విశ్వమానవుడా అని అడిగే ముందు, ఆయన ఎన్నాళ్ల దూరం చూస్తున్నాడు అని అడగాలి. వచ్చే ఎన్నికల దాకానా, వచ్చే పదేళ్ల దాకానా?

2007-08 చూడండి. మనం ఆపాం, వియత్నాం ఆపింది, ఫిలిప్పీన్స్ భయపడి ఎంత రేటుకైనా కొంటానని టెండర్లు వేసింది. టన్ను 400 డాలర్ల లోపున్న థాయ్ బియ్యం కొన్ని నెలల్లో 1000కి పోయింది. ఆ ఏడాది ప్రపంచంలో వరి పంట బాగానే పండింది, ఎవరికి వాళ్లు జాగ్రత్తపడటం వల్లే ధర ఎగిరింది. మరి దిగడానికి కారణమైన వాటిలో ఒకటేంటో తెలుసా, తన గోదాముల్లో ఊరికే పడి ఉన్న దిగుమతి బియ్యాన్ని ఫిలిప్పీన్స్‌కి వదులుతానని జపాన్ ప్రకటించడం. ఆ బియ్యం పెద్దగా కదలకముందే, మాటకే ధర దిగడం మొదలైంది. ఒక నాయకుడి మాటకి అంత బరువుంటుంది. అందుకే 2022 ఏప్రిల్‌లో మన ప్రధాని, వాణిజ్య సంస్థ అనుమతిస్తే రేపటి నుంచే ప్రపంచానికి తిండిగింజలు పంపడానికి సిద్ధం అని చెప్పి, సరిగ్గా నెల తర్వాత మే 13న గోధుమ ఎగుమతి ఆపేస్తే అది ఎండ దెబ్బకి తగ్గిన పంట గొడవ మాత్రమే కాదు. ఎండలు ముదరడం ఏప్రిల్‌కే కనిపిస్తోంది, అంత పెద్ద మాట ఇవ్వకుండా ఉండాల్సింది.

దేశం_ముందు గారూ, వ్యాక్సిన్ల విషయంలో ఇటలీని తిట్టారు, సరే. 2020 అక్టోబరులో పేటెంట్లు కాసేపు పక్కన పెట్టండని దక్షిణాఫ్రికాతో కలిసి వాణిజ్య సంస్థలో అడిగింది మనమే, అది మంచి పని. కానీ ఇవ్వాల్సి వచ్చినప్పుడు జాతీయవాదులమై, అడగాల్సి వచ్చినప్పుడు విశ్వమానవులమైతే ఎవడు నమ్ముతాడు? ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత.

దేశం_ముందు

అక్కా, ఆ సామెత నా మీద వాడారు, బాగానే ఉంది 🙂 రైతు విషయంలో మీ ఇద్దరితో ఏకీభవిస్తా. కానీ ఒకటి చెప్పండి, ఆ జూలైలో మీరు కుర్చీలో ఉన్నారు, వానలు వస్తాయో రావో తెలియదు, ధరలు పెరుగుతున్నాయి, ఎదురుగా ఎన్నికలు. ఏం చేసేవాళ్లు? ఊరికే ప్రపంచ బాధ్యత అంటే సరిపోదు.

విశాఖ_అక్క

సుంకం వేసేదాన్ని, నిషేధం కాదు. మిల్లు గారు చెప్పినట్టు రేటు పెరుగుతుంది కానీ దారి మూసుకోదు, వచ్చిన సుంకం డబ్బు రైతుకి బోనస్‌గా ఇచ్చేదాన్ని. ఒప్పందం అయిపోయిన సరుకుకి రెండు నెలల గడువు. గోదాములో రెట్టింపు ఉన్న బియ్యం కర్ణాటకకి అడిగిన రేటుకి అమ్మేదాన్ని, ఇక్కడ ధర అక్కడే సగం చల్లారేది. ఐరాస ఆహార కార్యక్రమం కొనే గింజల మీద ఆంక్షలు పెట్టకూడదని 2022 జూన్‌లో అన్ని దేశాలూ ఒప్పుకున్నాయి కదా, అత్యంత పేద దేశాలకీ అదే మాట ఇచ్చేదాన్ని. ఇందులో త్యాగం ఏమీ లేదు.

ప్లేనో_పిల్లాడు

అక్క గారు పోటీ చేస్తే నేను ఓటు వెయ్యలేను, పాస్‌పోర్టు మారిపోయింది. చందా పంపొచ్చా?

మోడరేటర్

చట్టప్రకారం కుదరదు తమ్ముడూ 🙂

డకార్_గుమస్తా

ఇప్పటి సంగతి కూడా చెప్పుకోవాలి. 2024 సెప్టెంబరులో తెల్ల బియ్యం వదిలారు, టన్ను 490 డాలర్ల కనీస ధర షరతు పెట్టారు, నెల తిరక్కుండా అదీ తీసేశారు. నూకలు 2025 మార్చిలో వదిలారు. మనం ఒక్కసారిగా మార్కెట్లోకి దిగేసరికి ధరలు దబ్బున పడ్డాయి. ఇక్కడ అమ్మలకి మంచిదే. థాయ్ రైతులు లబోదిబోమన్నారు. అంటే మూసినా తెరిచినా ఎవడో ఒకడి బతుకు ఊగుతుంది, 40 శాతం చేతిలో ఉన్నవాడు నెమ్మదిగా కదలాలి, అంతే నా కోరిక.

వరికుప్ప

2025 మార్చి ఆఖరున తెలంగాణ ప్రభుత్వం కాకినాడ నుంచి ఫిలిప్పీన్స్‌కి బియ్యం పంపింది కదా, మొదటి ఓడ 12,500 టన్నులు, ఎంటీయూ 1010 రకం. సెప్టెంబరు 1 నుంచి ఫిలిప్పీన్సే 60 రోజులు బియ్యం దిగుమతులు ఆపేసింది, వాళ్ల రైతుకి ధర పడిపోయిందని. ఇప్పుడు వాళ్ల నాయకుణ్ణి తిట్టాలా మెచ్చుకోవాలా, దేశం_ముందు గారే చెప్పాలి.

దేశం_ముందు

మెచ్చుకుంటా. మన బియ్యం ఆగినందుకు తిట్టుకుంటా కూడా. రెండూ చెయ్యొచ్చు.

కౌలురైతు_కొడుకు

మీరు మెచ్చుకోండి, తిట్టుకోండి. నాకు ఒక్క మాట కావాలి. మా వైపు సన్నాలు మానేసి 1010 వెయ్యమని నిరుడు చెప్పారు, ఎగుమతికి పోతుందని. వచ్చే దాళ్వాకి నారు పొయ్యాలి. మిల్లు గారూ, వెయ్యమంటారా?

మండపేట_మిల్లు

సగం వెయ్యండి. 1010 ఉప్పుడు ఆడిస్తే ఆఫ్రికాకి పోతుంది, ఫిలిప్పీన్స్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. మిగతా సగం ఇక్కడ జనం తినే రకం వెయ్యండి. ఢిల్లీ నుంచి రేపు ఏ కాగితం వస్తుందో నాకూ తెలియదు, అందుకే నేను కూడా సంచుల మీద బ్రాండు అచ్చు ఓడ లంగరు వేశాకే వేయిస్తున్నా.